యాదృచ్ఛిక నైతిక ఎంపిక

గోనెపాలెంలో ప్రభుత్వం జూదం మాన్పించే కేంద్రం తెరిచిన ఏడాదిలోపే, అంతకుముందు పేకముక్క ముట్టి ఎరగనివాళ్ళు కూడా జూదానికి అలవాటుపడ్డారు. ఇంతటి ప్రగతి ఊరికే రాదు. దాని వెనక పెద్దల ఆలోచన ఉంది, ఒక సంఘం చేసిన తీర్మానాలున్నాయి, అన్నిటికీ మించి వృత్తిధర్మం ఉంది. ఆ వృత్తిధర్మాన్ని కళ్ళు తెరుచుకుని అతిక్రమించిన మనిషి ఊరంతటికీ ఒక్కతే. ఆమె పేరు మంగవేణి.

మంగవేణి ఆ కేంద్రంలో కౌన్సెలర్. జూదం మానలేక అవస్థపడేవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ చేత మాట్లాడించి, మెల్లగా మాన్పించడం ఆమె పని. గోనెపాలెం జనపనార మిల్లు కూలీల ఊరు. మిల్లు కొన్నాళ్ళు నడుస్తుంది, కొన్నాళ్ళు మూతపడుతుంది. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో యజమానులకే తెలియదు. ఏనాడూ మూతపడనిది నంబరాట ఒక్కటే. గంగునాయుడనే ఆసామి మిల్లు గేటుకెదురుగా సైకిల్ షాపు పెట్టుకుని, పంక్చర్లు వేస్తూ మధ్యమధ్యలో చీటీలు రాసేవాడు. ఎక్కడో మహానగరంలో ఎవరో తీసే అంకె సాయంత్రానికి అతని ఫోనుకి చేరేది. ఆ అంకె కోసం జనం చేతిలో కూలీ, అది అయిపోతే వంటింట్లో గిన్నెలూ కాసేవారు.

కేంద్రం గడప మొదట తొక్కింది పోలమ్మ. గోనెసంచులు కుట్టి ఇల్లు నడిపే మనిషి. మొగుడు అసిరయ్యని రెక్క పట్టుకుని లాక్కొచ్చి మంగవేణి ముందు నిలబెట్టింది.

“ఈడికి నిద్దట్లో కూడా అంకెలే అమ్మా. ఆరు, తొమ్మిది అనీసి కలవరిస్తన్నాడు. నువ్వే ఏటో ఒకటి సెయ్యాల తల్లీ,” అంది.

“కూర్చోండి అసిరయ్యగారూ,” అంది మంగవేణి.

అసిరయ్య వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఇంకెవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని. ఎవరూ లేరు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఆ రోజు మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడాడు. చిన్నప్పుడు మిల్లులో చెయ్యి నలిగిన తండ్రి గురించి, పనిలేని రోజుల్లో ఇంట్లో కూర్చుంటే పోలమ్మ ఏమీ అనకపోవడమే తనకి తిట్టులా తగలడం గురించి, అంకె తగిలిన రోజున వీధిలో తలెత్తుకుని నడవడం గురించి చెప్పాడు. కొన్ని వారాలు గడిచేసరికి సైకిల్ షాపు వైపు వెళ్ళడం మానేశాడు. ఇంటికి వెళ్ళడానికి గేటు దారి వదిలేసి చెరువుగట్టు మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు.

ఆ మాట ఊళ్ళో పాకింది. వరండా నిండిపోయింది. మంగవేణి ఒక్కతే. రోజుకి ఎంతమందితో మాట్లాడగలదు? అందుకని మరీ కష్టంలో ఉన్నవాళ్ళని ముందు పిలిచేది. ఒకరోజు అలా పురుగుమందు తాగి ఆసుపత్రిలో బతికి బయటపడ్డ మనిషిని ముందు లోపలికి పిలిచింది. అదే సమయానికి వార్డు పెద్ద బావమరిది అక్కడికి వచ్చి ఉన్నాడు. ఆయన పేక సరదాకి ఆడతాడు, కేంద్రానికీ సరదాకే వచ్చాడు. బెంచీ మీద కూర్చోబెట్టినందుకు ఆయన మనసు నొచ్చుకుంది. సాయంత్రానికల్లా కౌన్సెలర్ పక్షపాతం చూపిస్తోందంటూ పైకి ఫిర్యాదు వెళ్ళింది.

పైన ఉన్నది డైరెక్టరు పరాంకుశరావు. ఆయన అనేక సంస్థలను పటిష్ఠం చేసి, ఆ పటిష్ఠత తట్టుకోలేక అవి సాగనంపగా ఇక్కడికి వచ్చిన అనుభవజ్ఞుడు. ఫిర్యాదు అందగానే నైతిక ప్రమాణాల పర్యవేక్షక సంఘాన్ని సమావేశపరిచాడు. సంఘంలో ముఖ్యసభ్యుడు విశ్వంభరం. ఆయన నీతిశాస్త్రం నుంచి పదవీ విరమణ చేసిన ఆచార్యుడు.

“ఎవరిని ముందు పిలవాలో మీరు ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తున్నారు?” అని అడిగాడు విశ్వంభరం.

“ఎవరి కష్టం ఎక్కువో చూసి సార్,” అంది మంగవేణి.

“కష్టం ఎక్కువని ఎవరు చెప్పారు?”

“మాట్లాడితే తెలుస్తుంది కదండీ.”

“అంటే మీ అభిప్రాయం! అభిప్రాయం ఉన్నచోట పక్షపాతం ఉంటుంది. పక్షపాతం ఉన్నచోట వృత్తిధర్మం ఉండదు,” అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“పోనీ, ముందు వచ్చినవాళ్ళని ముందు చూస్తాను.”

“అది దగ్గర ఇళ్ళవాళ్ళకి అనుకూలం. దూరాన ఉన్నవాళ్ళ పట్ల వివక్ష,” అన్నాడు పరాంకుశరావు.

చాలాసేపు చర్చ జరిగింది. మధ్యలో జీడిపప్పు వచ్చింది. ఇంకొక కౌన్సెలర్‌ను వేస్తే సరిపోతుందని మంగవేణి అంది. అది ఆర్థికపరమైన విషయమనీ, ఈ సంఘం పరిధి నైతికపరమైనదనీ ఆమెకు వివరించారు. చివరికి మానవ ప్రమేయం బొత్తిగా లేని, ఎవరి మీదా అభిమానం కానీ ద్వేషం కానీ చూపించని పద్ధతి ఒకటి విశ్వంభరం సూచించాడు. వచ్చినవాళ్ళందరి పేర్లూ ఒక పీపాలో వేసి తిప్పాలి. ఎవరి పేరు వస్తే వాళ్ళు లోపలికి వెళ్ళాలి.

మంగవేణి కుర్చీలోంచి ముందుకు వంగింది.

“సార్, జూదం మానుదామని వచ్చినవాళ్ళ చేత లాటరీ ఆడిస్తామా?”

“తప్పు, తప్పు,” అన్నాడు పరాంకుశరావు నొచ్చుకుంటూ. “లాటరీ అనకూడదు. దీన్ని యాదృచ్ఛిక నైతిక ఎంపిక అంటారు. లాటరీలో దురాశ ఉంటుంది. ఇందులో సమానత్వం ఉంటుంది.”

పీపా వచ్చింది. ఇత్తడి చట్రం, అద్దాల కిటికీ, తిప్పడానికి నున్నటి పిడి. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. దాన్ని వరండాలో ఎత్తు బల్ల మీద పెట్టి, వెనక గోడ మీద ‘నీ అవకాశం నీ హక్కు’ అని పెద్ద అక్షరాలతో రాయించారు. ప్రారంభోత్సవానికి సన్నాయి మేళం పెట్టించారు.

ఆ ఉదయం అసిరయ్య కూడా వచ్చి పేరు ఇచ్చాడు. బల్ల దగ్గరి గుమాస్తా అతని వంక చూసి, “ఈమధ్య ఎప్పుడు ఆడావ్?” అని అడిగాడు.

“ఆడనేదు బాబూ. మానీసినాను.”

“మానేస్తే నీకు అర్హత లేదు. ఈ కేంద్రం జూదగాళ్ళ కోసం. ఆడుతున్నట్టు ఇద్దరు సాక్షులు చెప్పాలి.”

“నాకు మల్లీ మనసు లాగుతంది బాబూ. అందుకే అమ్మతో మాటాడదామని...”

“మనసు లాగడం లెక్కలోకి రాదు. తరవాత!”

అసిరయ్య బయట మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. తరవాత లేచి, చాలా రోజులుగా నడవని దారిన నడిచి, గంగునాయుడి షాపుకి వెళ్ళి ఒక చీటీ రాయించాడు. షాపులో ఉన్న ఇద్దరినీ సాక్ష్యానికి వెంటబెట్టుకొచ్చాడు. పేరు పీపాలో పడింది.

పీపా తిరుగుతుంటే వరండాలో గాలి ఆగిపోయినట్టయింది. మంగవేణి గుమ్మంలో నిలబడి చూస్తోంది. అందరి కళ్ళూ ఆ అద్దాల కిటికీ మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ తన గదిలో ఒక్కొక్కరే కూర్చుని ఏ మెరుపు గురించి సిగ్గుపడుతూ చెప్పారో, ఆ మెరుపు ఇప్పుడు అందరి కళ్ళలో ఒక్కసారే కనిపించింది. గుమాస్తా చీటీ తీసి అసిరయ్య పేరు చదివాడు. జనం ఈలలు వేశారు. ఎవరో అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సన్నాయి వాళ్ళు కూడా అందుకున్నారు.

అలా ఊరేగుతూ లోపలికి వచ్చిన అసిరయ్య కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చున్నాడు.

“చెప్పండి అసిరయ్యగారూ. మనసు లాగుతోందన్నారట?”

“ఏటి సెప్పాలమ్మా?” అన్నాడు మొహం వెలిగిపోతుంటే. “గెలిసీసినాను గదా! అంతమందిలో నా పేరే! మల్లీ రేపు ఎన్ని గంటలకి తిప్పుతారు?”

ఆ వారం తిరక్కుండానే గంగునాయుడు దూరపు నగరంతో ఉన్న సంబంధం తెంచేసుకున్నాడు. కేంద్రం పీపాలోంచి మొదట ఎవరి పేరు వస్తుందన్న దాని మీద పందాలు కట్టించడం మొదలుపెట్టాడు. అతనితో మాట్లాడి ఆపిద్దామని మంగవేణి షాపుకి వెళ్ళింది. అతను మర్యాదగా లేచి స్టూలు తుడిచి వేశాడు.

“ఆ దూరం నంబరులో మోసముందేమోనని జనానికి అనుమానం ఉండీదమ్మా. ఇది మరి కల్లెదట తీసీది. గవర్మెంటు పీపా. నాకే మర్యాద పెరిగింది. మీ డైరెట్రుబాబుకి నా దండాలని సెప్పండి,” అన్నాడు.

ఆమె ఈ సంగతి పరాంకుశరావుకి చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కోపం వచ్చిందేమో అనుకుంది. ఆయన కళ్ళు చెమర్చాయి.

“అంటే, ఇన్నేళ్ళుగా ఈ ఊరిని పీడించిన బయటి నంబరాట పూర్తిగా నిర్మూలన అయిపోయిందన్నమాట! ఇది మన కేంద్రం చరిత్రలో సువర్ణాధ్యాయం. మీరు దీన్ని ఫిర్యాదులా చెబుతారేమిటమ్మా?”

హాజరు పెరిగింది. ఇదివరకు వరండా నిండేది, ఇప్పుడు వీధి నిండుతోంది. బటానీలు అమ్మేవాళ్ళు వచ్చారు, సోడా బండి వచ్చింది. ఎంపిక కానివాళ్ళు దిగులుగా ఇంటికి పోతున్నారని గమనించిన సంఘం, వాళ్ళ మానసిక స్థితిని దృష్టిలో పెట్టుకుని ఓదార్పు ఎంపిక ప్రవేశపెట్టింది. అందులో పేరు వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడి కౌన్సెలర్‌తో రెండు ముక్కలు మాట్లాడొచ్చు. ఆదివారం నాడు మహా ఎంపిక. అందులో వచ్చినవాళ్ళకి కుటుంబ సమేతంగా కౌన్సెలింగ్. ఎన్నడూ ఏ ఆటా ఆడనివాళ్ళు కూడా పీపాలో పేరు పడాలంటే అర్హత కావాలి కాబట్టి, ముందుగా ఏదో ఒక ఆట ఆడి సాక్షులను తెచ్చుకునేవారు. సంచుల గోదాములో ఆడవాళ్ళు మధ్యాహ్నాలు గవ్వలు వేయడం మొదలుపెట్టారు. బడి పంతులొకాయన పేక నేర్చుకున్నాడు.

ఇంతమందిలో నిజంగా కష్టంలో ఉన్నవాడి పేరు వచ్చేది చాలా అరుదు. వచ్చినవాడు గెలిచిన సంబరంలో ఉండేవాడు. మంగవేణి ఎదురుగా కూర్చుని, ఆమె అడిగినదానికి జవాబు చెప్పకుండా, బయట పీపా చప్పుడుకే చెవి ఒగ్గేవాడు. ఆమె పరాంకుశరావుకి ఉత్తరం రాసింది. పీపా ఆపమంది. ఉత్తరాలు చాలా వస్తున్నందువల్ల, వేటికి జవాబివ్వాలో కూడా యాదృచ్ఛిక ఎంపిక ద్వారానే నిర్ణయిస్తున్నామని గుమాస్తా చెప్పాడు. ఆమెది రాలేదు.

ఒకరోజు సాయంత్రం పోలమ్మ ఆమె ఉండే ఇంటికి వచ్చింది.

“అమ్మా, ఈడు మూడు పూటలనుండీ కూడు ముట్టనేదు. గోడకేసి తిరిగి తొంగున్నాడు. ‘నా పేరు ఇంకెప్పుడూ రాదు, నా బతుకింతే’ అంటన్నాడు. నాకు బయ్యంగుందమ్మా. ఒక్కపాలి వచ్చి మాటాడవా?”

మంగవేణికి రూలు గుర్తుంది. ఎంపిక కాని వ్యక్తికి ఏ రూపంలోనూ సాంత్వన కలిగించరాదని సంఘం తీర్మానించింది. అలా కలిగిస్తే ఎంపిక కాని మిగతావాళ్ళందరికీ అన్యాయం చేసినట్టు. ఆమె ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడి, చెప్పులు వేసుకుంది.

అసిరయ్య నిజంగానే గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె నేల మీద కూర్చుంది. ఏ ప్రశ్నా వెయ్యలేదు. చాలాసేపటికి అతనే ఇటు తిరిగాడు.

“మీరు రాకూడదంట గదా?” అన్నాడు.

“వచ్చాను కదండీ.”

అతను లేచి కూర్చుని ఏడ్చాడు. పీపాలో పేరు రాని ప్రతిరోజూ ఊరు ఊరంతా తనని వద్దన్నట్టు అనిపిస్తోందన్నాడు. ఆ మాటలు చెప్పాక గంజి తాగాడు. పోలమ్మ వాకిట్లోకి పోయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చాలా నెలల తరవాత మంగవేణికి తాను ఒక పని చేశాననిపించింది. ఆ పనికే మూడోనాడు తాఖీదు అందింది.

విచారణ నిండు సంఘం ముందు జరిగింది.

“మీరు ఎంపిక కాని వ్యక్తి గృహానికి వెళ్ళి, అతని పట్ల సానుభూతి చూపినట్టు అభియోగం. ఒప్పుకుంటారా?” అని అడిగాడు పరాంకుశరావు.

“ఒప్పుకుంటాను. వెళ్ళకపోతే ఆ మనిషి ఏమైపోయేవాడో నాకు తెలుసు.”

“చూశారా!” అన్నాడు విశ్వంభరం. “మళ్ళీ అభిప్రాయం.”

“మనిషి చచ్చిపోతాడని భయపడటం అభిప్రాయమా సార్?”

“అతను చనిపోయి ఉంటే అది వాస్తవం అయ్యేది. మీరు వెళ్ళి మాట్లాడటం వల్ల అది అభిప్రాయంగానే మిగిలిపోయింది. నిరూపించే అవకాశం కూడా మీరే పోగొట్టారు,” అని ఆచార్యుడు జాలిగా చూశాడు.

ఆమె తప్పు చేసిందని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. శిక్ష దగ్గర చిక్కు వచ్చింది. సభ్యుల్లో కొందరికి ఆమె మీద కోపం, ఒకరిద్దరికి దయ. కోపమూ దయా రెండూ పక్షపాతాలే. కాబట్టి మందలింపు, బదిలీ, తొలగింపు అని మూడు చీటీలు రాసి పీపాలో వేయాలనీ, పారదర్శకత కోసం ప్రజల సమక్షంలోనే తీయాలనీ తీర్మానించారు. చీటీ ఆమే తీసుకోవచ్చన్నారు. ఆమె పట్ల సంఘం చూపిన గౌరవం అది.

ఆదివారం నాడు మహా ఎంపిక వాయిదా వేసి ఈ కార్యక్రమం పెట్టారు. వీధి పట్టనంత జనం వచ్చారు. గంగునాయుడు ఉతికిన పంచె కట్టుకుని, ఒక కొత్త మనిషిని సాయం పెట్టుకుని పందాలు రాస్తున్నాడు. పరాంకుశరావు వృత్తిధర్మం గురించి చక్కగా మాట్లాడాడు. ఈ పద్ధతిని మిగతా ఊళ్ళకి కూడా విస్తరించబోతున్నారనీ, అందుకు తన పేరు ఒక పురస్కారానికి పరిశీలనలో ఉందనీ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

మంగవేణి పిడి పట్టుకుని తిప్పింది. మూడు చీటీలూ అద్దం వెనక దొర్లుతున్నాయి. కోపంగా ఉండాలనుకుని వచ్చింది. కానీ పీపా తిరిగేకొద్దీ కళ్ళు ఆ చీటీల వెంటే పోయాయి. ఏ దేవుణ్ణీ పెద్దగా నమ్మని మనిషి, మందలింపు రావాలి, మందలింపు రావాలి అని లోపల అనుకోసాగింది. పడిన కష్టం, జరిగిన అవమానం, ఎదురుగా ఉన్న జనం అన్నీ మాయమై, ప్రపంచంలో ఆ చిన్న కిటికీ ఒక్కటే మిగిలింది. అసిరయ్య చెప్పిందంతా పుస్తకాల్లో చదివినట్టుగా తాను విన్నదే తప్ప అర్థం చేసుకోలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. చీటీ తీసింది.

తొలగింపు.

జనంలో సగం మంది అరిచారు, సగం మంది ఉసూరుమన్నారు. తొలగింపు మీద కాసినవాళ్ళు ఆమెకు దండాలు పెట్టారు. ఒకడు ఆవేశం ఆపుకోలేక పళ్ళ బండిలోంచి అరటిపండు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, “నీ సెయ్యి సల్లగుండాల తల్లీ!” అన్నాడు. పరాంకుశరావు ముందుకొచ్చి, ఆమె సేవలను కేంద్రం ఎప్పటికీ మరిచిపోదని మైకులో ప్రకటించి, గది తాళం వెనక్కి తీసుకున్నాడు. వెంటనే కొత్త కౌన్సెలర్ ఉద్యోగానికి పేర్లు ఇవ్వదలచినవాళ్ళు బల్ల దగ్గరికి రావచ్చన్నాడు. చదువుతో నిమిత్తం లేదు. జనం అటు తోసుకున్నారు.

మంగవేణి సంచి భుజానికి తగిలించుకుని వీధిలోకి వచ్చింది. ఎదురుగా మురుగుకాలవ గట్టు మీద పోలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పడేసుకుని ఎటో చూస్తోంది.

“అసిరయ్యగారు బాగున్నారా పోలమ్మా?”

“ఇంటికాడ ఉన్నాడమ్మా. ఇటు రానన్నాడు. కూడొండతన్నాడు.”

“మరి నువ్వు ఇలా కూర్చున్నావేం?”

పోలమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

“నిన్ను పంపించీకూడదని మొక్కుకున్నానమ్మా. మందలింపే వస్తాదని నా మనసుకి అనిపించీసింది. ఎంత గట్టిగా అనిపించిందో నీకెలా సెప్పీది! మా కుట్టుమిషను పందెం ఎట్టీసినాను, గంగునాయుడి కాడ. నీకోసమేనమ్మా. నీ కోసమనే మొదలెట్టినాను...” అని ఆగింది. తల వంచుకుంది. “ఇప్పుడేటో, మల్లీ ఒక్కపాలి ఎడితే మిషను వచ్చీదేమో అనిపిస్తంది. ఆ కొత్తమ్మ ఉద్యోగం ఎవుల్దో దాని మీద కూడా రాస్తన్నాడంట.”

వెనక వరండాలో పీపా మళ్ళీ తిరగడం మొదలైంది. పోలమ్మ మెడ ఆ చప్పుడు వైపు తిరిగింది. లేవబోయింది కూడా.

మంగవేణి ఆమె చెయ్యి పట్టుకుంది. తనకిప్పుడు గది లేదు, కుర్చీ లేదు, సంఘం లేదు. సంచి కింద పెట్టి, ఆ గట్టు మీదే పోలమ్మ పక్కన కూర్చుంది.

“మొదటిసారి ఎప్పుడనిపించింది? నెమ్మదిగా చెప్పు,” అంది.